సాంఘిక శాస్త్ర పట్టభద్రుల ఉద్యోగావకాశాలు

చరిత్ర, రాజనీతి శాస్త్రం, అర్థశాస్త్రం, సమాజ శాస్త్రం వంటి సాంఘిక శాస్త్రాలలో పట్టా పొందినవారికి బోధన, ప్రభుత్వ సర్వీసులు, న్యాయవాద వృత్తి, సంఘసేవ ముఖ్యమైన ఉపాధి మార్గాలు. హైదరాబాదు పాతబస్తీలోని ఉప్పుగూడ నుండి 1918లో స్థాపించిన ఉస్మానియా విశ్వవిద్యాలయానికి ఎం.ఎం.టి.ఎస్. రైలు మార్గం ఉంది. ఆర్ట్స్ కాలేజీ స్టేషను ఈ మార్గంలోనిదే. ప్రభుత్వ పాఠశాలల్లో సాంఘిక శాస్త్ర ఉపాధ్యాయులు కావడానికి బి.ఎడ్., టెట్ అర్హతలతో పాటు డి.ఎస్.సి. పరీక్షలో నెగ్గాలి. తెలంగాణ గ్రూప్-2కు ఏ పట్టా అయినా సరిపోతుంది. అయితే నాలుగు పేపర్లలో మూడు చరిత్ర, రాజ్యాంగం, ఆర్థిక వ్యవస్థ, తెలంగాణ ఉద్యమాలకు సంబంధించినవి కావడం వీరికి అనుకూలాంశం. అసలు చిక్కు నిరీక్షణలో ఉంది. 783 ఖాళీలకు 2022 డిసెంబరులో ప్రకటన వెలువడగా, పరీక్షలు 2024 డిసెంబరులో గాని జరగలేదు. ఆ వ్యవధిలో రెండేళ్ళ బి.ఎడ్. పూర్తిచేయవచ్చు.