పాపికొండలకు బాట

పాపికొండల జాతీయవనానికి ద్వారమెక్కడని అడిగితే గోదావరి వాసులు చూపేది పడవల రేవునే. అమెరికావారి యెల్లోస్టోన్ 1872లో జాతీయవనమైంది. అక్కడ సందర్శక కేంద్రంలో పటము చేతబట్టుకొని, గుర్తులు పాతిన కాలిబాటల వెంట నడవవచ్చు. మన పాపికొండలు 1978లో అభయారణ్యమై, 2008లో జాతీయవనమైనవి. విస్తీర్ణము వేయి చదరపు కిలోమీటర్లకు పైమాటే. అయినా ఇక్కడికి వచ్చేవారిలో అధికులు అడవిని పడవ మీదినుంచి చూచి మరలిపోతారు.

నదిని రాజమార్గము చేయవలెనన్న ఊహ కాటన్ దొరది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట ముగిసిన పిమ్మట, వార్ధా ప్రాంతపు పత్తిని గోదావరి మీదుగా సముద్రానికి దింపాలని పథకం వేశారు. నడుమనున్న రాతి అవరోధాలను దాటించటానికి దుమ్ముగూడెం మొదలైన చోట్ల పనులు సాగాయి. ఖర్చు పెరిగింది, రైలు వచ్చింది. 1871లో ఆ పనులు మానుకొన్నారు.

అడవిలోని బాటల కథ వేరు. కొండరెడ్లు, కోయలు పోడుకూ సంతకూ చుట్టరికాలకూ నడిచి వేసిన దారులవి. వాటికి పటము లేదు, అవసరమూ లేదు. 1879 రంప పితూరీలో ముఠాదారులకు, వారి అనుచరులకు అవే కోటలు. 1882 మద్రాసు అటవీచట్టంతో ఆ దారులన్నీ సర్కారు అడవిలోని దారులైపోయాయి. నిన్న నడిచిన బాటలో నేడు నడిస్తే నేరమన్నమాట!

1922 నాటి మన్యం పోరాటానికి కారణాలలో ఒకటి కూడా రోడ్డే. నర్సీపట్నం నుండి లంబసింగి మీదుగా చింతపల్లికి వేయించిన రోడ్డుపనిలో గిరిజనులకు న్యాయమైన కూలి దక్కలేదు. ఆ యేడు సెప్టెంబరు 24న దామనపల్లి ఘాటులో అల్లూరి సీతారామరాజు దళం ముందు నడిచే బలగాన్ని పోనిచ్చి, వెనుక వచ్చిన స్కాట్ కవర్డ్, హైటర్ దొరలను కాల్చివేసింది. ఏ మలుపున పొదలు దట్టమో, ఎక్కడ వరుస సన్నబడుతుందో తెలియనిదే అది సాధ్యమా?

నది విషయంలోనూ అంతే. 2019 సెప్టెంబరు 15న దేవీపట్నం దాపున కచ్చులూరు వద్ద విహారపు లాంచీ మునిగి పదులకొద్దీ ప్రాణాలు పోయాయి. అక్టోబరు 22న దానిని ఒడ్డుకు చేర్చింది కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం, లంగరులతో, ఇనుపతాళ్ళతో. ఆ తరువాతనే, 2020లో, రేవుల వద్ద పడవల నియంత్రణ గదులు వెలిశాయి. ఒక విధంగా మన సందర్శక కేంద్రాలవే.

కాళ్ళతో అడవిని చూడదలచినవారు రంపచోడవరం మీదుగా మారేడుమిల్లి చేరటం మేలు. అక్కడి పర్యావరణ పర్యాటకంలో స్థానిక గిరిజనులకూ పాలున్నది. లోపలి అడవికి మాత్రం అటవీశాఖ అనుమతి తప్పదు. దారి చూపే మనిషి దొరికితే వాగులు, గుట్టలు, చెట్లు ఏ పేర్లతో పిలువబడుతున్నాయో అడిగి వ్రాసుకోండి. పోలవరం ముంపుకోసం దేవీపట్నం మండలంలో ఊళ్ళకు ఊళ్ళే ఖాళీ అయ్యాయి. ఆ ఊళ్ళవారు మైదానపు కాలనీలలో ఉన్నారు, వారి పిల్లలు ఆ బాటల మీద నడవటం లేదు.