మన చేతిలోని పని
(నిజాము రాష్ట్రాంధ్రుల చరిత్రనుండి యొక నిదర్శనము)

మన సంఘ వార్షిక మహాసభలు గావించు తీర్మానములను మేము ప్రతియేట శ్రద్ధతో చదువుచుందుము. వానిలో బెక్కులు ప్రభుత్వమువారు చేయవలసినవి. కొన్ని యితరులు మానవలసినవి. మనము చేయవలసినవి మిక్కిలి కొలది. ఇది తప్పని మేమనము. అడుగవలసినది యడుగక తప్పదు. కాని యడుగుటతోనే మన యుద్యమము ముగిసినచో, సభ జరిగిన మఱునాటినుండి మనకు పనియే యుండదు. ఈ సంచికకు చరిత్రవిషయ మేదైన వ్రాయుడని సంపాదకులు కోరినపుడు, ఇట్టి చిక్కునే మనకంటె గడ్డుకాలమున నెదుర్కొనిన పెద్దల కథ మాకు స్మరణకు వచ్చినది.

దైవ పురుషకారముల తారతమ్యమునుగూర్చిన చర్చ సంస్కృతవాఙ్మయమున చిరకాలమునుండి కలదు. యోగవాసిష్ఠము పౌరుషమునకే పెద్దపీట వేసినది. రోమకుల యేలుబడిలో ఎపిక్టీటసను గ్రీకు తత్త్వవేత్త, మన యధీనమున నున్నవేవి, లేనివేవి యని విభజించి, మొదటివానియందే మనస్సు నిలుపవలెనని శిష్యులకు బోధించెను. ఆతడు తొలుత దాసుడుగా నుండినవాడు. స్వాధీనమైనది స్వల్పముగా నున్నవానికే దాని వెల తెలియును గాబోలు.

శామీరుపేట చెరువునకు చేరువనున్న మా అలియాబాదు నేడు మహానగరపు పొలిమేర. నిజాముల కాలమున మేడ్చలు తాలూకా అత్రాఫ్‌బల్దా జిల్లాలోనిది. ఆ జిల్లా ప్రభువు స్వంత యాదాయమునకై ప్రత్యేకింపబడిన సర్ఫెఖాసు భూమి. 1949లో గాని సర్ఫెఖాసు సామాన్య పరిపాలనలో కలియలేదు. రాజ్యమంతట తెలుగువారే యధికసంఖ్యాకులైనను కచేరీలలో ఉరుదు, న్యాయస్థానములలో ఉరుదు, 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధనాభాషయు ఉరుదే. వీనిలో నొక్కదానినైన మార్చు శక్తి యొక వకీలునకుగాని బడిపంతులునకుగాని లేదు. వారి చేతిలో నున్నవి కొన్ని పుస్తకములు, ఒక గది, సాయంకాలమున రెండుగంటల తీరిక. 1901 సెప్టెంబరు 1వ తేదీన హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయ మీ పెట్టుబడితోనే పుట్టినది. కొమఱ్ఱాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, మునగాల ప్రభువు నాయని వేంకటరంగారావుగార లందుకు మూలపురుషులు.

ఇరువదియేండ్లు గడచినవి. 1921 నవంబరులో వివేకవర్ధినీ నాటకశాలయందు సంఘసంస్కారసభ జరిగెను. అధ్యక్షులు మహారాష్ట్రులగు కర్వే పండితులు. ఇతరభాషలలోని యుపన్యాసములు సాగినవి కాని, ఆలంపల్లి వేంకటరామారావుగారు తెలుగున ప్రసంగింప మొదలిడగనే సభలో కొందఱు గేలిచేసి, మాటాడనీయక పోయిరి. ఆంధ్రులకు మనసు నొచ్చినది. వారేమి చేయగలరు? ఎదిరి నోళ్లు మూయింపగల యధికారము వారికి లేదు. ఆ రాత్రియే, అనగా నవంబరు 12వ తేదీన, టేకుమాల రంగారావుగారి యింట గూడి ఆంధ్రజనసంఘమును స్థాపించిరి. గ్రంథాలయములు నెలకొల్పుట, తాళపత్రములను శాసనములను సేకరించుట, తెలుగు చదువును ప్రోత్సహించుట వారి పనులు. శాసనములు చేయు హక్కు తమకు లేకున్నను, ఉన్న శాసనములు వెట్టిచాకిరినిగూర్చియు వర్తకుల స్వేచ్ఛనుగూర్చియు నేమి చెప్పుచున్నవో చిన్నపుస్తకములుగా నచ్చువేసి పల్లెల కందజేసిరి. మా యభిప్రాయమున నిది వారి పనులన్నింటిలో మిక్కిలి తెలివైనది.

మాడపాటి హనుమంతరావుగారు 1928లో బాలికలకు తెలుగున బోధించు ఉన్నతపాఠశాల నారంభించిరి. తెలుగు మాధ్యమమునకు రాజ్యమున గుర్తింపు దొరకలేదు. గుర్తింపు వచ్చినపిమ్మట బడి తెఱతమనుకొనినచో నెందఱు బాలికల బాల్యము గడచిపోయెడిదో! ఆయన పూనాలోని మహిళావిశ్వవిద్యాలయముతో పాఠశాలను ముడివేసి యచటి పరీక్షలకు బాలికలను పంపిరి. ఆ విశ్వవిద్యాలయమును 1916లో స్థాపించినవారు మఱెవరో కారు, 1921నాటి సభాధ్యక్షులగు కర్వేగారే. తెలుగు మాటకు చోటు దొరకని సభాపీఠమున నున్నవారి విద్యాసంస్థయే తెలుగు బాలికలకు పరీక్షాద్వార మగుట మాకు ముచ్చటగా తోచును.

ఇక సురవరము ప్రతాపరెడ్డిగారు. 1926 మే 10వ తేదీన గోలకొండ పత్రిక నారంభించిన వీరికి, నిజాము రాష్ట్రమున తెలుగుకవులు పూజ్యమను విమర్శ యొకటి యెదురైనది. పూజ్యమనగా నిచట సున్న. దూషణకు ప్రతిదూషణము వ్రాయుట సులభము, పత్రికయు తమదేకదా. ఆయన యట్లు చేయక ఊరూరికి వర్తమానమంపి, కవుల పద్యములను వివరములను దెప్పించి, 1934లో గోలకొండకవుల సంచికను ప్రకటించిరి. అందు 354 మంది కవులు! నానాకులములవారు, నానాగ్రామములవారు, స్త్రీలును గలరు. సంస్కృతపండితులమని గర్వించు మాబోటివారు ఆ పుటలను తిరుగవేసి, ఏ పల్లెలో నెవరు పద్యము కట్టుచుండిరో చూచి యాశ్చర్యపడవలసినదే.

ఈ నెమ్మది పద్ధతితోనే సర్వము సిద్ధించెనని చెప్పుట చరిత్రకు ద్రోహము. సభ జరుపవలెనన్న ముందుగా ననుమతి పొందవలెనని శాసించిన గస్తీ నిశాన్ 53 పుస్తకములు చదివినందున తొలగిపోలేదు. వెట్టియు నట్లే. వానికై తరువాతితరము బహిరంగముగా పోరాడవలసివచ్చెను. 1948 సెప్టెంబరుతో గాని యా ప్రభుత్వ మంతరింపలేదు. అయినను 1930లో జోగిపేటలో, ప్రతాపరెడ్డిగారి యధ్యక్షతను, ప్రథమాంధ్రమహాసభ కూడినపుడు వచ్చి కూర్చుండినవారిని తయారుచేసినది 1921నాటి యా గదిలో మొదలైన పనియే. మొదట ఒక యింటిలో కొందఱి యధీనమున నుండినది తొమ్మిదేండ్లలో ఒక మహాసభ యధీనమునకు వచ్చినది. స్వాధీనమునకు పరాధీనమునకు నడుమనుండు గట్టు కదలరానిదని మేమనుకొనము.

మన కులమునుగూర్చి యితరులేమి వ్రాసిరో, ఏమి వ్రాయలేదో యని మన సభలలో ఏటేట దుఃఖించుచున్నాము. మన యిండ్లలో తాతలనాటి దస్తావేజులు, పెండ్లిపత్రికలు, వృత్తి పనిముట్లు, వృద్ధులకు మాత్రమే జ్ఞప్తిలోనున్న పాటలు కలవు. వాని నితరులు వచ్చి వ్రాయరు. అలియాబాదు, శామీరుపేట, మేడ్చలు పరిసరములలోని మన కుటుంబముల వివరములను సేకరించుటకు మేమొక లావుపాటి పుస్తకము కొనియుంచితిమి. ఇప్పటికి నాలుగుపుటలు నిండినవి. ఈ మహాసభకు వచ్చు సభ్యులు మధ్యాహ్నభోజనానంతరము భోజనశాల తూర్పువాకిట మమ్ము కలిసికొని, తమ యింట ఎనుబదియేండ్లు దాటిన పెద్దల పేర్లను, గ్రామమును చెప్పి పోవలెనని ప్రార్థన.