దొంగ రాత అనే ముద్ర ఎవరి మీద? – థెక్లా కథ



ఒక పుస్తకాన్ని జనం చేతుల్లోంచి తీసేయడానికి రెండు దారులున్నాయి. అందులోని మాట తప్పని వాదించి గెలవడం ఒకటి. రాసినవాడు దొంగ అనడం రెండోది. రెండోది తేలిక. ఈ భాగంలో ఆ రెండో దారి ఎలా పనిచేస్తుందో తొలినాటి క్రైస్తవ చరిత్ర నుంచి చూద్దాం.

పుస్తకం పేరు 'పౌలు, థెక్లాల కార్యములు'. బైబిల్లో లేదు. రెండో శతాబ్దంలో గ్రీకు భాషలో పుట్టింది. థెక్లా ఈకొనియ పట్నంలో, అంటే ఇప్పటి టర్కీలోని కొన్యాలో, కలవారి పిల్ల. పెళ్లి కుదిరింది. పక్కింట్లో పౌలు బోధిస్తుంటే కిటికీ దగ్గర కూర్చుని మూడు రోజులు కదలకుండా వింది. పెళ్లి వద్దంది. కన్నతల్లే ఆమెను కాల్చేయమంది. వాన పడి మంట ఆరింది. తర్వాత అంతియొకయలో అలెగ్జాండర్ అనే ఊరి పెద్ద నడివీధిలో మీద చెయ్యేస్తే అతని అంగీ చింపింది, తలమీది కిరీటం పడగొట్టింది. ఆ నేరానికి ఆమెను మృగాల ముందుకు తోశారు. ఒక ఆడసింహం ఆమెకు అడ్డంగా నిలబడి చచ్చింది. ఇది అన్యాయపు తీర్పని ఊరి ఆడవాళ్లు కేకలు వేశారు. అక్కడే ఉన్న నీళ్ల గుంటలోకి దూకి థెక్లా తనకు తానే బాప్తిస్మం ఇచ్చుకుంది. చివరికి, వెళ్లి వాక్యం బోధించమని పౌలే ఆమెకు చెప్పాడు.

గొడవ ఆ చివరి మాట దగ్గరే మొదలైంది.

క్రీ.శ. 200 ప్రాంతంలో కార్తేజ్‌లో టెర్టూలియన్ అనే పండితుడు బాప్తిస్మం గురించి ఒక గ్రంథం రాశాడు. థెక్లాను చూపించి స్త్రీలు బోధించవచ్చు, బాప్తిస్మం ఇవ్వవచ్చు అనేవాళ్లకు అందులో జవాబు చెప్పాడు. ఆ పుస్తకం రాసింది ఆసియా ప్రాంతపు సంఘ పెద్ద ఒకడట. దొరికిపోయి, పౌలు మీద ప్రేమతో రాశానని ఒప్పుకున్నాడట. పదవి పోయిందట. అంతటితో ఆగలేదు. స్త్రీలు సంఘంలో మౌనంగా ఉండాలన్న పౌలు వాళ్లకు బోధించే అధికారం ఎలా ఇస్తాడని అడిగాడు.

సరే, టెర్టూలియన్ చెప్పింది నిజమే అనుకుందాం. అదే కొలబద్దతో ఆయన చూపించిన వచనాన్నీ కొలుద్దాం.

ఆ మౌనం మాట కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 14వ అధ్యాయంలో ఉంది. అదే పత్రిక 11వ అధ్యాయంలో స్త్రీలు ప్రార్థన చేసేటప్పుడు, ప్రవచించేటప్పుడు తల మీద ముసుగు ఉండాలని పౌలు అంటాడు. అంటే వాళ్లు సంఘంలో మాట్లాడుతున్నారనేగా! పైగా కొన్ని పాత ప్రతుల్లో ఈ మౌనం వచనాలు తమ చోట కాకుండా అధ్యాయం చివర ఉన్నాయి. అందుకే వీటిని తర్వాత ఎవరో చేర్చారని కొందరు పండితులు అంటారు. కాదు, పౌలువే అనేవాళ్లూ ఉన్నారు.

స్త్రీ బోధించకూడదని ఇంకా గట్టిగా చెప్పేది తిమోతికి రాసిన మొదటి పత్రిక. అది పౌలు రాసింది కాదేమోనని 1807లోనే జర్మన్ పండితుడు ష్లయర్‌మాకర్ వాదించాడు. ఈనాడు విమర్శక పండితుల్లో ఎక్కువమంది అభిప్రాయం అదే. ఆ పత్రిక మాటల తీరు వేరు, అందులో కనిపించే సంఘ వ్యవస్థ వేరు. రెండో శతాబ్దంలో మార్సియన్ చేర్చిపెట్టిన పౌలు పత్రికల్లో అది లేదు. ఆ సంగతి మనకు చెప్పిందీ టెర్టూలియనే!

ఇప్పుడు పక్కపక్కన పెట్టి చూడండి. థెక్లా పుస్తకం, మనకు దొరికిన రూపంలో, పౌలు గురించి ఎవరో చెబుతున్న కథ. నేను పౌలును అని అది ఎక్కడా అనదు. తిమోతి పత్రిక మొదటి మాటే పౌలు పేరు. ఆ పండితులు చెప్పేదే నిజమైతే పౌలు పేరు పెట్టుకున్నది ఏది? బయటికి పోయింది ఏది?

అలాగని థెక్లా కథ జరిగిన చరిత్ర అని నేను అనను. ఆమెను ఆదుకున్న ట్రిఫేనా రాణి పేరుగల రాణి మొదటి శతాబ్దంలో నిజంగానే ఉంది, నాణేల మీద కూడా కనిపిస్తుంది. అంతమాత్రాన ఆడసింహం నిజమైపోదు. మనకు నచ్చిన కాగితాన్నే ఎక్కువ అనుమానించాలి. 2012లో 'యేసు భార్య సువార్త' అనే పపైరస్ ముక్కను హార్వర్డ్ ఆచార్యురాలు కారెన్ కింగ్ ప్రకటించినప్పుడు ఎంతోమంది సంబరపడ్డారు. 2016లో దాని పుట్టుపూర్వోత్తరాలు బయటపడ్డాక అది నకిలీ అయి ఉండవచ్చని ఆమే అంది.

మరి థెక్లా పుస్తకం దేనికి సాక్ష్యం? ఆడవాళ్లు బోధించే హక్కు కోసం ఆ రోజుల్లోనే వాదన నడిచిందనడానికి. ఎవరూ అడగకపోతే టెర్టూలియన్ ఎవరికి జవాబు చెప్పినట్టు? 384 ప్రాంతంలో ఎగేరియా అనే యాత్రికురాలు సెలూకయ దగ్గరి థెక్లా క్షేత్రానికి వెళ్లి, అక్కడ ఈ పుస్తకం మొత్తం చదివానని రాసుకుంది. ముద్ర పడ్డాక కూడా జనం దాన్ని వదల్లేదు.

మనం ఇంకో ప్రశ్న కూడా అడగాలి. ట్రిఫేనా ఇంట్లో దాసీలు థెక్లా బోధ విని నమ్మారని కథ చెబుతుంది. వాళ్లలో ఒక్కరికీ పేరు లేదు. విడుదల కూడా లేదు. కలవారి పిల్ల స్వేచ్ఛ దాసీ దాకా రాలేదు.

పేటల్లో పుట్టిన మనకు ఇదంతా దూరపు ముచ్చట కాదు. మన సంఘాల్లో ఉపవాస కూటాలు నడిపేది ఆడవాళ్లు. పిడికెడు బియ్యం తీసిపెట్టేది ఆడవాళ్లు. ఆదివారం పుల్‌పిట్ ఎక్కుతామంటే మాత్రం ఆ తిమోతి వచనం తీస్తారు. చిన్నప్పటినుంచీ వింటూనే ఉన్నాను. దాన్ని ఎవరు రాశారని అడిగితే విశ్వాసం లేదంటారు.

బాబాసాహెబ్ 1946లో 'శూద్రులెవరు' రాస్తూ పురుష సూక్తాన్ని ఇలాగే నిలదీశాడు. ఇది ఎప్పుడు చేరింది, ఎవరికి లాభం అని అడిగాడు. మనకు పనికొచ్చే పద్ధతి అదే. ఏ గ్రంథానికైనా ఒకే కొలత. మనల్ని అణిచే గ్రంథానికీ అదే, మనకు ముద్దొచ్చే గ్రంథానికీ అదే.

వచ్చే భాగంలో 'తోమా కార్యములు' చూద్దాం. అందులో ఒక శిష్యుణ్ణి బానిసగా అమ్మి మన దేశానికి పంపుతారు.