బెట్టా చేప (పెంపకం)

దుకాణాల్లో ‘ఫైటర్’ పేరుతో అమ్మే బెట్టా థాయ్‌లాండ్ ప్రాంతపు వరిమడుల చేప. 2019లో ఆ దేశం దీన్ని జాతీయ జలచరంగా ప్రకటించింది. పైకొచ్చి నేరుగా గాలి పీల్చుకోగలదు కాబట్టి సీసాల్లో పెట్టి అమ్ముతారు. పెంచడానికి సీసా చాలదు. మూతతో పదిహేను, ఇరవై లీటర్ల తొట్టి కావాలి.

కర్నూలు, కడపల్లో అసలు చిక్కు ఎండాకాలమే. నీరు 24–28 డిగ్రీలుండాలి. మే నెలలో బయట 40 దాటుతుంది. తొట్టిని కిటికీకి, రేకుల కప్పుకు దూరంగా ఉంచాలి. ఆవిరయ్యేది నీరే, అందులోని లవణాలు కాదు. తగ్గిన మేరకు ఉప్పటి బోరునీళ్లే పోస్తూ పోతే తొట్టి నానాటికీ చవుడెక్కుతుంది. వారానికోసారి పావువంతు తీసేసి, క్లోరిన్ పోయేలా ఒక రోజు బకెట్లో నిలవుంచిన కుళాయి నీళ్లు పోయాలి. మేత పూటకు రెండు మూడు గుళికలు చాలు. ఒకే తొట్టిలో రెండు మగచేపలను ఉంచరాదు.