చెన్నపట్నమున తెలుగు విద్యార్థుల బస

కళాశాలలో చోటు మార్కులను బట్టి లభించును. పట్టణమున తలదాచుకొను చోటు తెలిసినవారిని బట్టి లభించును. చెన్నపట్నమునకు చదువులకై వచ్చిన తెలుగు విద్యార్థుల చరిత్రలో ఈ రెండవ చోటు కథ మొదటిదానికంటె చిన్నది కాదు.

1857లో మద్రాసు విశ్వవిద్యాలయము ఏర్పడిన పిదప సర్కారు జిల్లాలనుండియు, దత్తమండలములనుండియు విద్యార్థులు ఈ పట్టణము చేరసాగిరి. రాజమహేంద్రవరము, మచిలీపట్టణము మొదలగు చోట్ల కళాశాలలున్నను, వైద్యము, ఇంజనీరింగు చదువగోరువారికి చెన్నపట్నమే గతియయ్యెను. విశాఖపట్టణమున వైద్యకళాశాల 1923లో గాని, ఆంధ్ర విశ్వవిద్యాలయము 1926లో గాని వెలయలేదు. రైలుమార్గము పడకముందు కోస్తావారిలో పలువురు బకింగుహాము కాలువలో పడవలపై వచ్చెడివారు.

ఇట్లు వచ్చినవానికి తొలియేట ఆధారము సాధారణముగా బంధువుల ఇల్లే. జార్జిటవునునందును, తిరువల్లిక్కేణియందును తరతరములుగా స్థిరపడిన తెలుగు కుటుంబములు ఇట్టి బాలురకు వసారాలో చాప పరచి చోటిచ్చెడివి. కాని చుట్టపుచూపునకు గడువు కలదు. ఏడు గడచుసరికి ఇంటివారికి ఇరుకు, విద్యార్థికి మొగమాటము. అసలు వెదకులాట అప్పుడు మొదలయ్యెడిది.

కలవారి బిడ్డలు ముగ్గురు నలుగురు కలసి గది అద్దెకు తీసుకొని, పూటకూళ్ళ ఇంట భుజించెడివారు. పూటకూళ్ళ ఇల్లు బీదల చదువునకు మరియొక విధమునను తోడ్పడినది. టంగుటూరి ప్రకాశము పంతులుగారి తల్లి ఒంగోలున అట్టి ఇల్లు నడపియే కుమారుని చదివించెను. ఆ స్తోమతు లేనివారికి వారాలే దిక్కు. దినమునకొక ఇంట అన్నము, వారమునకు ఏడిండ్లు. ఒక ఇంట వారము తప్పిన నాడు విద్యార్థికి పస్తు.

ఈ ఔదార్యమునకు ఎల్లలును కలవు. వారమిచ్చు గృహిణి మొదట అడుగునది బాలుని మార్కులు కావు, కులము, శాఖ. బ్రాహ్మణేతర బాలురకు చాల వాకిళ్లు మూసియుండెడివి. అస్పృశ్యతకు గురియైన కులములవారికి గది అద్దెకు దొరకుటయు దుర్లభము. ఈ లోటు తీర్చుటకే 1916లో డాక్టరు నటేశ మొదలియారు తిరువల్లిక్కేణిలో బ్రాహ్మణేతర విద్యార్థులకై ద్రావిడ వసతిగృహమును నెలకొల్పెను. దూరపు ఊళ్లనుండి వచ్చు బాలికలు పరాయి ఇంట గది తీసుకొనుట నాడు ఊహకందని మాట. 1914లో సముద్రతీరమున, పూర్వము హోటలుగా నుండిన కాపర్ హౌసులో ప్రారంభమైన క్వీన్ మేరీస్ కళాశాలయొక్క వసతిగృహము అందువలననే వారికి విద్యాద్వారమయ్యెను. గది దొరకనిచో చదువే లేదు.

కళాశాలలు కదలినప్పుడు బసయు కదలెను. క్రైస్తవ కళాశాల 1937లో జార్జిటవును విడిచి తాంబరమునకు తరలి, అచట వసతిగృహములతో స్థిరపడెను. పచ్చయప్ప కళాశాల 1940లో చేట్‌పట్టు చేరెను. ఆ కళాశాలల విద్యార్థులకు తంగసాల వీధి ఇండ్లు దూరమయ్యెను. 1953లో ఆంధ్రరాష్ట్రము వేరుపడిన పిమ్మట తెలుగునాటినుండి విద్యార్థుల రాకయు తగ్గెను. తిరువల్లిక్కేణిలో మాన్షన్లని పేరొందిన బ్రహ్మచారుల బసలు వెలసినవి. అచట వంశము నడుగువారు తక్కువ. ముందుగా చెల్లింపవలసిన సొమ్ము నడుగువారే ఎక్కువ.

వారాల కాలము మరల రానక్కరలేదు; అన్నముతోపాటు అది వడ్డించిన కులభేదమును కోరదగినది కాదు. అయినను ఆ కాలము నేర్పిన పాఠ మొకటి కలదు. కొత్త ఊరిలో విద్యార్థికి కావలసినది నాలుగు గోడలు మాత్రమే కాదు, అతనికై పూచీపడు ఒక మనిషి. నాడు ఆ పూచీ ఏడిండ్లు పంచుకొనెను. చెన్నపట్నపు తెలుగువారు నేడు, కులము నడుగక, తమ సంఘముల ద్వారా ఆ పూచీ వహింపగలిగినచో, తమ పూర్వుల ఔదార్యమును నిలుపుకొని, వారి లోపమును దిద్దినవారగుదురు.