పేరు లేని బోధకులు: నల్లగొండ, పాలమూరు దళిత క్రైస్తవ చరిత్రలో ఒక ఖాళీ

నల్లగొండ మిషన్ చరిత్రను అందరూ 1890తో మొదలుపెడతారు. దక్షిణ రష్యా నుంచి వచ్చిన మెన్నోనైట్ బ్రదరన్ దంపతులు అబ్రహాం, మరియా ఫ్రీసెన్‌లు అమెరికన్ బాప్టిస్టు మిషన్ కింద అక్కడ కేంద్రం పెట్టిన ఏడాది అది. పాలమూరులో బాప్టిస్టుల పని అప్పటికే మొదలైంది. 1899లో ఎన్.ఎన్. హీబర్ట్ వచ్చిన తర్వాత అమెరికా మెన్నోనైట్ బ్రదరన్ సంఘం నాగర్‌కర్నూలు, వనపర్తి, దేవరకొండల దాకా విస్తరించింది. వాళ్ల సేవను తక్కువ చేయనక్కర లేదు. కాని దొరసాని మాదిగవాడకు వస్తే ఆమె మాటను వాడ మాటగా మార్చి చెప్పిందెవరు?

ఊరి బోధకుడు, బైబిలు స్త్రీ. ఒంగోలు ఉదాహరణే చూడండి. 1878 జూలై 3న 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారని క్లౌ దొరను తలుచుకుంటారు. 1866లోనే బాప్తిస్మం పొంది ఊరూరా తిరిగిన మాదిగ యెర్రగుంట్ల పేరయ్య లేకుంటే ఆ రోజు వచ్చేదే కాదు. పేరయ్య పేరన్నా మిగిలింది. మన జిల్లాల్లో ఎందరివో మిగల్లేదు.

1917 విప్లవం తర్వాత నల్లగొండకు రష్యా సాయం ఆగింది. ఖర్చులు అమెరికన్లు చూసుకున్నా, పల్లెలో సంఘాన్ని నిలబెట్టింది మనోళ్లే. చచ్చిన గొడ్డును మోయమని, జాతరలో డప్పు కొట్టమని అంటే ఊరు ఊకుంటదా? ఆ కోపాన్ని ముందు భరించింది బోధకుడే. ఆదివారం పూట వెట్టికి రామనడం నిజాం రాజ్యంలో చిన్న మాట కాదు. మా నాయనమ్మ చెప్పేది: "దేవుని మాట కంటే ముందు మాకు అక్షరం దొరికింది బిడ్డా."

ఆ అక్షరమే వాళ్లిచ్చిన ఆస్తి. దానికి చట్టం వేసిన శిక్ష కూడా ఉంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. మతం మారిన దళితులకు రాష్ట్రంలో దక్కింది బీసీ-సీ, ఒక్క శాతం. అందుకే మా వాడల్లో సంఘం రిజిస్టరులో ఒక పేరు, బడి సర్టిఫికెట్‌లో ఇంకో పేరు. ఊరు మాత్రం రెండు పేర్ల వెనకా కులాన్నే చూసింది.

బంగళాల చరిత్ర రాశారు. ఇక వాడల చరిత్ర మనం రాయాలె. పాత సంఘం రిజిస్టర్లు చెదలు పట్టకముందే, ముసలివాళ్లు బతికుండగానే, ప్రతి విద్యార్థీ తన ఊరి బోధకుని పేరు అడిగి రాసి పెట్టాలె.