నాలుకల పెట్టె

పెండ్లిపందిటిలో ముహూర్తము దగ్గరపడుచున్న వేళ, సన్నాయి విద్వాంసుడు వాద్యమునకు సిద్ధమగుచు చేయు పనిని గమనించువా రరుదు. చాపపై కూర్చుండి, వాద్యము నొడిలో పెట్టుకొని, దాని మెడకు దారముతో వ్రేలాడుచున్న పీకలలో నొకదానిని విప్పి, వెలుతురున కెత్తి చూచి, పెదవులనడుమ నుంచుకొని కొంతసేపు మౌనముగా నుండును. పెండ్లికొమార్తె తండ్రి స్వయముగా వచ్చి పలుకరించినను తలయూపునేగాని బదులు చెప్పడు. ఎండియున్న గడ్డి తడిసి మెత్తబడి, రెండు రేకులును సరిగా కలిసి విడివడుట కనువగువరకు ఆ నోరు మాటలకు పనికిరాదు. ఆ దారముననే దంతముతోనో కొమ్ముతోనో చేసిన సూది యొకటి వ్రేలాడుచుండును. పీకలో చేరిన ఉమ్మిని, నలుసును తీయుట కది. కావేరీతీరమున తిరువావడుదురైలో ఈ పీకలను చేయుటయే వృత్తిగా గల కుటుంబములు కలవు. అరవమున వీనిని సీవాళి యందురు. విడిపీకలను పెట్టెలో దాచక, ఆభరణములవలె పదుగురికి కనబడునట్లు వాద్యమునకే కట్టుట మనవారి పద్ధతి.

పీక మిక్కిలి సుకుమారమైన వస్తువు. అతిగా ఎండినచో అంచు చీలును. తడితోనే మూసిపెట్టినచో బూజుపట్టును. ఒకసారి రేకు వంకరపోయినచో మరల సరిదిద్దుట దుర్లభము. మూటలో నలిగి కొన చిట్లెనా, అంతటితో దాని ఆయువు తీరినట్లే. కావున ఊదెడు వాద్యము గల ప్రతి దేశమునను పీక కొక చోటు కల్పింపక తప్పలేదు. అట్టి చోట్లలో నాకు మిక్కిలి ప్రీతిపాత్రమైనది ప్రాచీన గ్రీకుల పెట్టె.

గ్రీకుల ఔలోస్ జంటగొట్టముల వాద్యము. చేతి కొక్కటిగా రెండు గొట్టములను పట్టి, రెండు పీకలను ఒక్కసారే నోట నుంచుకొని ఊదుదురు. దీనిని వేణువని అనువదించుట మన పుస్తకములలో వాడుకయైనది గాని, అది పొరపాటు. ఔలోస్ సన్నాయికి దాయాదియేగాని మురళికి చుట్టము కాదు. దాని పీకను వారు నాలుక యనిరి. క్రీ.పూ. 330లో ఏథెన్సు న్యాయసభలో ఐస్కినెస్ అను వక్త తన ప్రత్యర్థియగు డెమాస్తనీసును ఎత్తిపొడుచుచు, ఔలోస్ నాలుకను తీసినట్లు ఈతని నాలుకను తీసివేసినచో మిగులున దేమియు లేదను భావము పలికినప్పుడు, వినువారికి వ్యాఖ్యాన మక్కఱలేకపోయెను. ఆ నాలుకలను దాచు చిన్న పెట్టెకు గ్లొత్తొకొమేయోన్ అని పేరు. నాలుకలను కాపాడునది యని దాని యర్థము. క్రీ.పూ. 5వ శతాబ్దపు ఏథెన్సు చిత్రకలశములపై గోడకు వ్రేలాడు తోలుసంచి కనబడును. సంచిలో గొట్టములు, సంచి ప్రక్కన అంటిపెట్టుకొని ఈ బుల్లిపెట్టె.

పెట్టెలోనికి చేరకముందు ఆ నాలుక గడపిన జీవితమును థియోఫ్రాస్టస్ వ్రాసియుంచెను. అరిస్టాటిలు శిష్యుడగు ఈతడు క్రీ.పూ. 4వ శతాబ్ది చివర రచించిన వృక్షచరిత్రలో, నాలవ భాగమున, బొయోషియా దేశపు కొపాయిస్ సరస్సులో పెరుగు గడ్డిని గూర్చి చెప్పినంత శ్రద్ధగా మఱి దేనిని గూర్చియు చెప్పలేదేమో యనిపించును. అది మన కాలువగట్ల కిక్కసను పోలిన గడ్డి. తొమ్మిదేండ్ల కొకమారు సరస్సు నిండుననియు, నిండిన నీరు రెండవ యేడును నిలిచినచో గడ్డి లావెక్కి జంటవాద్యమునకు తగిన జాతి యగుననియు, నిలువనిచో సన్నగిల్లి వేఱుపేరున చెల్లుననియు ఆ ప్రాంతపువా రనుకొనుచుండిరట. కోసిన గడ్డిని ఆకుతొడుగులతోనే చలికాలమంతయు ఆరుబయట పడవేయుదురు. వసంతమున తొడుగు లొలిచి, బాగుగా తోమి, ఎండలో నుంచుదురు. వేసవిలో కణుపుకణుపుగా కోసి మరల కొంతకాలము బయటనే ఆరనిత్తురు. మొదలి దగ్గరి కణుపు కఱకు, కొన దగ్గరిది మెతక. నడిమిదే నాలుకకు శ్రేష్ఠము. జంటనాలుకలు రెండును ఒకే కణుపునుండి పుట్టినగాని శ్రుతి కలియదు. అందును మొదలివైపు భాగము ఎడమచేతి గొట్టమునకు, కొనవైపు భాగము కుడిచేతి గొట్టమునకు. ఇంతటి వివరము తత్త్వవేత్తకు తోచునది కాదు. పనివాని ప్రక్కన కూర్చుండి అడిగి తెలిసికొన్నవాడే యిట్లు వ్రాయగలడు.

అన్నిటికంటె విశేషము కోతకాలమును గూర్చి ఆయన చెప్పిన మాట. ఆంతిగెనిడాస్ అను థీబ్సు వాద్యకారునికి పూర్వము, ఆడంబరము లేని పాతబాణిలో ఊదు కాలమున, గడ్డిని స్వాతీనక్షత్ర ముదయించు వేళ, అనగా సెప్టెంబరు ప్రాంతమున, కోసెడివారు. అట్టి పీక పనికివచ్చుటకు చాల యేండ్లు పట్టెడిది; పట్టినను ముందుగా ఎంతయో ఊది లొంగదీయవలసి వచ్చెడిది. పిమ్మట గమకములతో, భావవిలాసముతో ఊదు కొత్తబాణి ప్రబలగా, కోత వేసవికి, ఉత్తరాయణాంతమునకు కొంచెము ముందునకు జరిగెను. ఆ పీక మూడేండ్లలో సిద్ధమగును; కొలదిపాటి సాధనతోనే లొంగును; దాని నాలుకలు స్వేచ్ఛగా ఆడును. రసికుల అభిరుచి మారినప్పుడు పాట మారుట ఎల్లరు నెఱిగినదే గాని, సరస్సులో కొడవలి దిగు నెలయు మారునని చెప్పినవారు నా యెఱుకలో ఈతడే.

ఇన్నేండ్లు కాచి పెంచిన పీక సభామధ్యమున విరిగినచో నేమగును? సిసిలీద్వీపపు అక్రగాస్ పురవాసి మిదాస్ క్రీ.పూ. 490లో డెల్ఫీ పోటీలో గెలిచినందుకు పిండారు మహాకవి పన్నెండవ పైథియన్ గీతమును రచించెను. దానికి ప్రాచీనవ్యాఖ్యాతలు జోడించిన కథలో, ఊదుచుండగా పీక విరిగి అంగిటి కంటుకొనెననియు, మిదాస్ బెదరక వట్టిగొట్టములనే ఊది ముగించెననియు, ఆ వింతనాదమునకు సభ మురిసెననియు కలదు. నిజమో కట్టుకథయో గాని, చెప్పినవాడు మాత్రము పీక చేయు ద్రోహమును రుచిచూచినవాడే.

ఆ కొపాయిస్ సరస్సు నేడు లేదు. 19వ శతాబ్ది ఉత్తరార్ధమున మొదట ఫ్రెంచివారును, పిదప బ్రిటిషు కంపెనీవారును కాలువలు త్రవ్వి నీటిని వెడలగొట్టి దానిని పొలముగా మార్చిరి. రైతులకు మేలే జరిగెను.

పెట్టె పేరు మాత్రము సరస్సుకంటె గట్టిది. అది సంగీతమును విడిచి ఊరిమీద పడెను. వైద్యులు విరిగిన తొడయెముకను బిగించు చట్రమును ఆ పేరుననే పిలిచిరి. శవపేటికకును అదే పేరు వచ్చెను. హీబ్రూ గ్రంథమును గ్రీకులోనికి మార్చిన పండితులు, దేవాలయమరమ్మతుకై యోవాషు రాజు ద్వారమునొద్ద పెట్టించిన కానుకపెట్టెకు ఆ మాటనే వాడిరి. క్రీ.శ. 2వ శతాబ్దిలో ఫ్రీనికస్ అను వ్యాకరణవేత్త దీనిపై మండిపడెను. పుస్తకములకు, బట్టలకు, వెండికి వాడుచున్న ఈ మాట అసలు పీకల పెట్టెకే చెందుననియు, జనులు దాని రూపమును గూడ చెడగొట్టి గ్లొస్సొకొమోన్ అనుచున్నారనియు ఆయన ఫిర్యాదు. మన గ్రాంథికవాదులకు అన్నగారు! ఆయన చెప్పినది అక్షరాల నిజము. వినినవాడు మాత్రము లేడు.

అప్పటికే యోహాను సువార్తలో, శిష్యులందరి సొమ్మును తనయొద్ద నుంచుకొని అందుండి దొంగిలుచున్న యూదాచేతిలో ఆ పెట్టె యుండెను. మన తెలుగు బైబిలులో అది డబ్బుసంచి. నాలుకల పెట్టె డబ్బుపెట్టె యగుటకే సహింపలేని ఫ్రీనికస్, పెట్టె సంచి యగుట చూచియున్నచో ఏమనియుండునో!